తాతలు తాగిన నెయ్యి

వర్తూరు కోడి దగ్గర రాత్రి తొమ్మిదిన్నరకు మినీ బస్సు ఎక్కాం. కన్నడంలో కోడి అంటే చెరువు అలుగు. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ పేరు విని, ఇక్కడ కోళ్ళ సంత ఉండేదా అని అడుగుతుంటారు. 2015లో ఈ అలుగు దగ్గరే చెరువు నురగ గాలికి లేచి రోడ్డున పోయేవాళ్ళ మొహాన పడింది. ఆ చెరువు తవ్వించినవాళ్ళు ఏ భాష మాట్లాడారో మాలో ఎవరమూ ఎన్నడూ అడగలేదు. తంజావూరు విషయంలో మాత్రం ఆ ప్రశ్న తప్ప వేరే ప్రశ్న లేకుండా బయలుదేరాం.

మేము ఇరవై ఆరుగురం. అందులో పిల్లలు తొమ్మిది మంది. దసరా సెలవులు. ఈ యాత్ర ఆలోచన మా అయ్యవారిది. ఆయన కన్నడ మీడియం స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున తన ఇంటి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దిస్తారు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. నలభై ఏళ్ళుగా చేస్తున్నారు. 'అధ్యయన యాత్ర' అని పేరు పెట్టి, అయిదు రోజుల కార్యక్రమం తన చేతిరాతతో రాసి, జిరాక్సు తీయించి అందరికీ పంచారు. మొదటి రోజు తంజావూరు: పెద్దగుడి, రాజభవనం, సరస్వతీ మహల్. రెండో రోజు తిరువయ్యారు, మేలట్టూరు. మూడో రోజు కుంభకోణం. నాలుగో రోజు నాగపట్నం. దాని ఎదురుగా ఒక్క మాటే ఉంది, 'సముద్రం' అని. అయిదో రోజు తిరుగు ప్రయాణం.

తంజావూరే ఎందుకని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మా ముత్తాత కుప్పం వైపు నుంచి వచ్చి ఇక్కడ రాగి చేను చేసుకున్నాడు. నాలుగు తరాలు గడిచినా బెంగళూరులో మేము ఆంధ్రావాళ్ళమే. ఆంధ్రాకు పెళ్ళికి పోతే, మీ తెలుగు అదోలా ఉందే అని నవ్వుతారు. రెండు ఇళ్ళ మధ్య గోడ మీద కాపురం లాంటిది మాది. అలాంటివాళ్ళకు, తెలుగు తన గడ్డ విడిచి ఎంతో దూరం పోయి, అరవదేశం నడిబొడ్డున సింహాసనం మీద కూర్చున్న ఊరు ఒకటి ఉందంటే ఒళ్ళు పులకరించదా? రఘునాథ నాయకుడు, ఆయన కొలువులో చేమకూర వెంకటకవి, రామభద్రాంబ, మధురవాణి. కొడుకు విజయరాఘవుడు, ఆయన కొలువులో రంగాజమ్మ. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగులోనే యక్షగానాలు రాశారు. అయ్యవారు బస్సులో ముందు సీటు దగ్గర నిలబడి, హోసూరు దాటేదాకా ఇదంతా పిల్లలకు చెప్పారు. పిల్లలు సగం విన్నారు, సగం నిద్రపోయారు. నేను మాత్రం పూర్తిగా విన్నాను. యాభై దాటినవాళ్ళకు బస్సులో నిద్ర పట్టదు.

తెల్లవారి దిగి, లాడ్జిలో స్నానాలు చేసి, ఎండ ఎక్కకముందే పెద్దగుడికి పోయాం. దాన్ని నేను వర్ణించబోను. ఆ పని ఎందరో చేశారు. మొదటి రాజరాజు కట్టించాడు, 1010 నాటికి పూర్తయింది, విమానం ఎత్తు రెండువందల అడుగుల పైచిలుకు, ఇవి చాలు. ఈ గోపురం నీడ నేల మీద పడదని గైడు చెప్పాడు. మా పక్కింటి పిల్ల, ఏడో తరగతి, తన కాళ్ళ ముందు పరుచుకున్న నీడను చూపించి, "మరి ఇదేంటి మామా?" అని నన్ను అడిగింది. గైడుకు మా తెలుగు అర్థమైనట్టుంది. మొహమాటపడకుండా, కలశం నీడ పడదని సవరించుకున్నాడు. అయ్యవారు నవ్వి, "మనమూ ఇంటికి పోయి ఇట్లే చెబుతామప్పా" అన్నారు. ఆ మాట ఆయన సరదాకే అన్నారు. సాయంత్రానికి అది నాకు మరోలా గుర్తొచ్చింది.

నన్ను పట్టి నిలబెట్టింది గోపురం కాదు, దాని పీఠం. చుట్టూ రాతి మీద అక్షరాలు. నాకు పాత తమిళ లిపి రాదు. కాని అందులో ఏముందో పుస్తకాల్లో చదివి వచ్చాను. అది గుడి ఖాతా పుస్తకం. రాజు ఇచ్చినవి, ఆయన అక్క కుందవై ఇచ్చినవి, రాణులు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి అన్నీ తూకాలతో సహా చెక్కారు. గుడి సొమ్మును గ్రామసభలకు అప్పిచ్చారు. కాసుకు ఏడాదికి ఎనిమిదో వంతు కాసు వడ్డీ, అంటే నూటికి పన్నెండున్నర. బ్యాంకులో ముప్పయ్యేళ్ళు అప్పులిచ్చినవాణ్ణి, ఆ రేటు చదివినప్పుడు మనవాళ్ళే కదా అనిపించింది నాకు. అఖండదీపం ఒక్కటి వెలగాలంటే తొంభై ఆరు గొర్రెల్ని కాపరికి అప్పగించాలి, అతడు రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి. ఆ గొర్రెలకు చావూ ముసలితనమూ లేవని ఒక మాట ఉండేది. అంటే అసలు తరగకూడదన్నమాట. పోయిన గొర్రె స్థానంలో పిల్ల చేరుతుంది, లెక్క తొంభై ఆరే. మూలధనం నిలబెట్టి రాబడి మీద ధర్మం నడపడం మేము బి.కాం.లో చదువుకున్నదే.

ఇంకో సంగతి. గుడి సేవకోసం చోళరాజ్యంలోని వేరువేరు గుళ్ళనుంచి నాలుగువందల మంది ఆటకత్తెలను తెప్పించి, ఒక్కొక్కరి పేరు, వాళ్ళ పాత గుడి పేరు, ఇప్పుడు ఏ వీధి ఏ వరసలో ఎన్నో ఇల్లు అన్నది కూడా చెక్కారు. వాళ్ళను వస్తారా అని ఎవరూ అడిగి ఉండరు. అయినా పేరుంది, ఇంటి నెంబరుంది, ఏడాదికి నూరు కలాల ధాన్యం భరణం ఉంది. అంతేకాదు, ఈ సొమ్ము చేర, పాండ్యులను ఓడించి తెచ్చిన దోపిడీలోది అని కూడా దాచకుండా రాశారు. సత్యాశ్రయుణ్ణి గెలిచి వచ్చి బంగారుపూలు సమర్పించాడని ఉంది. ఆ సత్యాశ్రయుడు పశ్చిమ చాళుక్యరాజు, అంటే మా కర్ణాటకం వైపువాడు. మాతో వచ్చిన ఒకాయన, "అయితే ఈ బంగారంలో మనకూ భాగముందన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం. దోచుకున్నవాడే రసీదు రాసి గోడకు అంటించినట్టుంది కదా అని నాకు తోచింది.

అయ్యవారు పిల్లలకు మరో చుట్టరికం కలిపి చూపించారు. ఈ గుడి కట్టించిన రాజరాజు కూతురు కుందవై (అత్త పేరే పెట్టుకున్నారు) వేంగి విమలాదిత్యుణ్ణి పెళ్ళాడింది. వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రుడు. నన్నయగారి చేత భారతం రాయించినవాడు. అంటే మన ఆదికవిని పోషించిన రాజు తాత కట్టించిన గుడి ఇది. పిల్లలు నిజంగా సంతోషించారు. నేనూ సంతోషించాను. తాతగారి పేరు మనవడికి పెట్టే మన అలవాటు వల్ల చరిత్రలో ఇంత గందరగోళం వచ్చినా, అప్పుడప్పుడు ఇలాంటి లాభం కూడా ఉంటుంది.

చిక్కు బొమ్మల దగ్గర వచ్చింది. గర్భగుడి చుట్టూ లోపలి ప్రదక్షిణ మార్గంలో చోళుల కాలపు కుడ్యచిత్రాలున్నాయి. మామూలు యాత్రికులను అక్కడికి పోనివ్వరు. మేము పటాలే చూశాం. అయితే ఆ చిత్రాలు వందల ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. నాయకరాజుల కాలంలో వాటి మీద కొత్తగా సున్నం పూసి, కొత్త బొమ్మలు వేశారు. పైపొర అక్కడక్కడ రాలి, లోపల ఇంకో చిత్రం ఉందని అన్నామలై విశ్వవిద్యాలయం అధ్యాపకుడు ఎస్.కె. గోవిందస్వామి 1931లో కనిపెట్టేదాకా లోకానికి తెలియదు. తర్వాత పురావస్తు శాఖవారు పై పొరను చెడిపోకుండా ఊడదీసి, రెండింటినీ కాపాడే పద్ధతి కనుక్కున్నారు. గైడు ఇదంతా చెప్పి ముగించాడు. ఆ పిల్ల అయ్యవారిని అడిగింది: "బయట ఉన్న పెద్ద నంది మనవాళ్ళు చేయించిందన్నారు కదా. మరి ఈ బొమ్మల మీద సున్నం పూసింది కూడా మనవాళ్ళేనా?"

అయ్యవారు, "ఆ కాలంలో అట్లాంటివి మామూలేనమ్మా" అన్నారు. అది నిజమే. కాని 'మనవాళ్ళు' అన్న మాట నంది దగ్గర ఉండి, సున్నం దగ్గరికి వచ్చేసరికి 'ఆ కాలం'గా మారిపోయింది. పిల్ల గమనించిందో లేదో తెలియదు. నేను గమనించాను. నా వృత్తి అలాంటిది. ఆస్తుల కాలమ్‌లో పేరు, అప్పుల కాలమ్‌లో 'ఇతరములు' అని రాసిన పద్దులు ఎన్నో చూశాను.

మధ్యాహ్నం రాజభవనం. నాయకుల దర్బారు హాలులో ఇప్పుడు చోళుల కంచు విగ్రహాలు, మధ్యలో ఇంగ్లండు శిల్పి ఫ్లాక్స్‌మన్ చెక్కిన శరభోజి పాలరాతి బొమ్మ. తెలుగు రాజులు కట్టిన సభలో తమిళ విగ్రహాలు, మరాఠా రాజు, ఇంగ్లీషు ఉలి. ఈ ఊళ్ళో 'మనది' అన్న మాట ఎక్కడా ఒంటరిగా నిలబడదు. పక్కనే సరస్వతీ మహల్. నాయకుల కాలంనుంచి పోగైన తాళపత్రాలను మరాఠా రాజులు పెంచారు, 1798 నుంచి 1832 దాకా ఉన్న రెండో శరభోజి దాన్ని ప్రపంచంలో పేరెన్నిక గన్న గ్రంథాలయంగా చేశాడు. ఇవాళ తమిళనాడు కాపాడుతోంది. ప్రదర్శనశాలలో అద్దం కింద ఉన్న ఒక తెలుగు తాటాకు దగ్గర అయ్యవారు పిల్లల్ని నిలబెట్టి చదవమన్నారు. ఒక్కరికీ రాలేదు. వాళ్ళ తప్పు కాదు. పాత గొలుసుకట్టు లిపి, నాకూ రెండు మూడు అక్షరాల దగ్గరే ఆగిపోయింది. మా పిల్లల్లో చాలామంది తెలుగు మాటలను కన్నడ అక్షరాలతో రాసుకుంటారు. తమిళ సంగీత విద్యార్థులు త్యాగరాజ కీర్తనలను తమిళ అక్షరాలతో రాసుకుంటారు కదా, అలాగే.

బ్యాంకులో పదేళ్ళు ఎవరూ కదిలించని డిపాజిట్లను 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిధికి జమకట్టేస్తున్నాం. సొమ్ము పోదు. అసలు హక్కుదారు ఎప్పుడొచ్చినా, తానెవరో రుజువు చేసుకుంటే ఇస్తారు. ఆ అద్దం ముందు నిలబడి, మేము ఏ కాగితం చూపించి మా హక్కు రుజువు చేసుకుంటామా అనుకున్నాను. మరాఠావాళ్ళు దాచారు, తమిళులు తుడిచి, మందు రాసి కాపాడుతున్నారు. మేము ఇరవై ఆరుగురం టిక్కెట్టు కొని వచ్చి మాదే అన్నాం, చదవలేకపోయాం.

దర్బారు హాలుకు తిరిగి వచ్చాక అయ్యవారు విజయరాఘవ నాయకుడి అన్నదానం గురించి చెప్పారు. నిత్యం వేలాది బ్రాహ్మణులకు భోజనం పెట్టిన రాజు. ఆ అన్నదానం మీద ఏకంగా ఒక నాటకమే పుట్టింది, పురుషోత్తమ దీక్షితుడి 'తంజాపురాన్నదాన మహానాటకం'. అయ్యవారి కళ్ళు మెరుస్తున్నాయి. "ఏ భాషలోనైనా అన్నం పెట్టడం మీద నాటకం ఉందా చెప్పండి. అది మన సంస్కృతి" అన్నారు. అప్పుడు నేను నోరు మూసుకుని ఉండవలసింది. ఉండలేకపోయాను.

డచ్చి కంపెనీ బానిస వ్యాపారం మీద మార్కుస్ వింక్ అనే చరిత్రకారుడు 2003లో రాసిన వ్యాసం నేను చదివాను. విజయరాఘవుడు పాలించింది 1634 నుంచి 1673 దాకా. 1658లో డచ్చివాళ్ళు నాగపట్నం రేవును పోర్చుగీసువారి నుంచి గుంజుకున్నారు. ఆ వెంటనే బీజాపూరు సైన్యాలు తంజావూరు సీమ మీద పడి పంటలు, ఊళ్ళు నాశనం చేశాయి. 1659 నుంచి 1661 లోపల నాగపట్నం, పులికాట్ మొదలైన రేవుల్లో డచ్చి కంపెనీ కొన్న మనుషులు ఎనిమిదివేల నుంచి పదివేల మంది. ఎక్కువమందిని సింహళానికి ఎక్కించారు, మిగతావాళ్ళను బటావియాకు, మలక్కాకు. కరువు కాలంలో ఈ తీరమంతటా తిండికోసం పిల్లల్ని అమ్ముకునేవారు, తమను తాము అమ్ముకునేవారు. అన్నదానం మీద నాటకం పుట్టిన ఏలుబడిలోనే ఇదీ జరిగింది. ఈ మాటలు నేను రెండు నిమిషాల్లో చెప్పేశాను. హాలులో మావాళ్ళ మాటలు ఆగిపోయాయి. అయ్యవారు నా వైపు చూడకుండా, "పదండి, గంటా గోపురం చూద్దాం" అన్నారు.

రాత్రి భోజనాలయ్యాక లాడ్జి మేడ మీద కుర్చీలు వేసుకున్నప్పుడు ఆయనే ఎత్తుకున్నారు. ఆయన వాదం నేను న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే అందులో బలముంది.

"ఏమప్పా, దండెత్తింది బీజాపూరువాడు. కొన్నది డచ్చివాడు. మధ్యలో మన రాజు ఏం చేసినాడు?"

"రక్షించలేకపోయాడు సార్. అన్నదానం మనదైతే, ఆ ఆకలి ఎవరిది?" అన్నాను.

"నీకు తెలిసింది కాబట్టి చెప్పినావు. కాదనను. కాని మొదటిరోజే పిల్లలకు ఇది చెప్పాల్నా? హైదరాబాదులో కూర్చున్నవాడు తీరిగ్గా తన తాతల తప్పులు లెక్కపెట్టుకోవచ్చు. వాడి భాషకు ప్రభుత్వముంది, యూనివర్సిటీ ఉంది. నేను నలభై ఏళ్ళుగా పిల్లల్ని బతిమాలి చాప మీద కూర్చోబెడుతున్నా. ఈ భాష నేర్చుకుంటే ఏమొస్తుంది తాతా అని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏముంది? ఈ ఊరొక్కటుంది. దాని మీద కూడా నువ్వు నీళ్ళు పోస్తివి. ముందు ప్రేమ పుట్టనీ. లెక్కలు తర్వాత చూసుకుంటారు."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత కడుపు నిండినవాళ్ళు చేసిన వేళాకోళం. ఇంట్లో నెయ్యి లేనివాడికి ఆ వాసన ఒక్కటే ఆధారమైతే, దాన్ని కూడా కడుక్కోమనడం దయలేని పనే. అల్పసంఖ్యాకుల గర్వానికీ, అధికసంఖ్యాకుల గర్వానికీ తేడా ఉంది. ఒకటి ఎదుటివాణ్ణి కొట్టడానికి పనికొస్తుంది, రెండోది తల ఎత్తుకుని బస్సెక్కడానికి. ఇంతవరకూ అయ్యవారితో నాకు పేచీ లేదు.

అయినా ఆ రాత్రి పడుకున్నాక, తంజావూరు గురించి కాక, వర్తూరు చెరువు కింద మా చేను గురించి ఆలోచన వచ్చింది. ఈ సంగతి నేను ఎక్కడా రాయలేదు.

మా నాయన 1996లో పోయాడు. నేను అప్పటికి బ్యాంకులో చేరి నాలుగేళ్ళు. దినాలు అయిపోయిన నెలకు, పక్క చేను రైతు ఒక కాగితం తీసుకుని ఇంటికి వచ్చాడు. బోరు వేయించడానికి మా నాయన ఆయన దగ్గర 1991లో ఎనిమిదివేలు తీసుకుని రాసిచ్చిన నోటు. సంతకం నాయనదే. వడ్డీ కట్టినట్టు వెనక ఒక్క జమా లేదు. నేను తేదీ చూశాను. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్ళు. ఆ మాట ఆయనతో కన్నడంలో మర్యాదగానే చెప్పాను. కాలదోషం పట్టింది, కోర్టుకు పోయినా చెల్లదు అన్నాను. ఆయన కోర్టు మాటే ఎత్తలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. ఆ రాత్రి అన్నం పెడుతూ మా అమ్మ, "ఆ సంతకం మీ నాయనదేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఎనిమిదివేలు తీసుకుపోయి ఇచ్చాను. ఆయన లెక్కపెట్టుకుని నోటు చింపేశాడు. వడ్డీ ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆ బోరు నీళ్ళతోనే మా తమ్ముడి చదువు సాగింది. ఆ చేను తర్వాత అమ్మాం. వైట్‌ఫీల్డు పుణ్యమా అని వచ్చిన సొమ్ము ఎంతో ఇక్కడ రాయను. అప్పులిచ్చే ఉద్యోగంలో ఉండి, వడ్డీ లేకుండా బాకీ తీర్చినవాణ్ణి నేను. ఆ ఇంటి ముందునుంచి పోవలసి వస్తే ఇప్పటికీ అవతలి వీధిన పోతాను.

మన పాత ధర్మశాస్త్రంలో కొడుకు తండ్రి అప్పు తీర్చడం పుణ్యకార్యం కిందే లెక్క. చట్టం 2005 సవరణతో ఆ బాధ్యతను ఎత్తేసింది. ఇప్పుడు వారసుడు, తన చేతికి వచ్చిన ఆస్తి మేరకే తండ్రి అప్పుకు జవాబుదారీ. ఆస్తి తీసుకోనివాడిని ఎవరూ అడగరు. తీసుకున్నవాడు తీసుకున్నంత దాకా బాధ్యుడు. ఈ సూత్రం నాకు న్యాయంగా కనబడుతుంది, పొలానికే కాదు, గర్వానికి కూడా. నాయకరాజుల పాపం నాకు అంటదు. పాపం వారసత్వంగా రాదు, పుణ్యమూ రాదు. త్యాగరాజు గొప్పతనంలో నా పాలు ఏమీ లేదు. కాని ఆస్తి వస్తుంది, దానితో బాకీ వస్తుంది. తంజావూరు మాది కాదు, మాకేమీ సంబంధం లేదు అని ఇంట్లో కూర్చున్న తెలుగువాడికి నాగపట్నం రేవులో అమ్ముడైనవాళ్ళ గొడవ లేదు. బస్సు కట్టించుకుని వచ్చి, దర్బారు హాలులో నిలబడి, అన్నదానం మన సంస్కృతి అన్నవాళ్ళకు ఉంది. ఎంత గర్వం తీసుకున్నామో అంత మేరకు.

కాలదోషం మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. మూడువందల అరవై ఏళ్ళు దాటింది. కాలదోషం దావాకు పడుతుంది, బాకీకి పట్టదు. మన కాంట్రాక్టు చట్టంలోనే ఇరవై అయిదో సెక్షనులో ఉంది: గడువు దాటిన అప్పును తీరుస్తానని రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. అంటే చట్టం దృష్టిలో కూడా ఆ అప్పు చచ్చిపోలేదు, అడిగే నోరు మాత్రం మూతబడింది. అడగడానికి వచ్చేవాళ్ళెవరూ లేని బాకీ మరీ చిత్రమైనది. పెద్దగుడి గోడ మీద నాలుగువందల మంది ఆడవాళ్ళకు పేర్లున్నాయి. ఓడ ఎక్కినవాళ్ళకు డచ్చివాళ్ళ సరుకు లెక్కలో సంఖ్య ఉంది, అంతే. మన కావ్యాల్లో ఆ సంఖ్య కూడా లేదు. చోళుల ఖాతాలో దోపిడీ సొమ్మును దోపిడీ అనే రాశారు. మన వాళ్ళది కవిత్వం. అందులో అన్నమే కనబడుతుంది.

అలాంటప్పుడు తీర్చడమంటే ఏమిటి? ఎవరికి? నాకు స్పష్టంగా తెలిసింది కొంచెమే. ఆ పిల్ల నీడ చూపించి అడిగినప్పుడు, సున్నం గురించి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదటి వాయిదా. అది కూడా కట్టకపోతే మేము వారసులం కాము. తాత పొలం అమ్ముకుని, నోటు తెచ్చినవాడికి తేదీ చూపించేవాళ్ళం. ఇక ప్రేమ సంగతి. లెక్క తెలిస్తే ప్రేమ పోతుందని అయ్యవారి భయం. మా అమ్మ ఆ రాత్రి సంతకం మా నాయనదేనా అని అడిగింది నాయన మీద ప్రేమ లేక కాదు. ఆయన పేరు ఆ కాగితం మీద అలా పడి ఉండటం చూడలేక. ఈ పోలిక అయ్యవారికి చెబితే ఒప్పుకుంటారో లేదో అనుకుంటూ పక్క మీద అటూ ఇటూ పొర్లుతున్నాను.

పదకొండు దాటాక తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే అయ్యవారు. భుజాన తువాలు, చేతిలో ఆయన రాసిన కార్యక్రమం జిరాక్సు, పెన్ను.

"నిద్రపోయినావా అప్పా?"

"లేదు సార్, రండి."

ఆయన లోపలికి రాలేదు. వరండా దీపం కింద కాగితం పట్టుకుని, "నువ్వు చెప్పినావే, ఆ వ్యాసం రాసినాయన పేరు ఇందులో రాసియ్యి. ఏ ఏడాదని చెప్పినావు?" అన్నారు. రాసిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని చదువుకున్నారు. తర్వాత కింద నాలుగో రోజు దగ్గర వేలు పెట్టి, 'సముద్రం' అన్న మాట చూసుకుంటూ కాసేపు నిలబడ్డారు.

"నాగపట్నంలో ఆ పాత రేవు ఏ పక్కన ఉండేదో రేపు ఎవరినైనా అడగాల. పిల్లలకు నువ్వే చెప్పు. నాకు చెప్పడానికి రాదు" అని, తన గదికి పోయారు.